సహనం నుంచి స్వేచ్ఛ వైపు: తెలుగు ప్రొటెస్టెంట్ సంఘాల్లో అసమ్మతి – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఇంగ్లండులో 'అసమ్మతివాదులు' అన్న పేరు రాజ్యం స్థాపించిన సంఘానికి వెలుపల నిలిచిన ప్రొటెస్టెంట్లకు వచ్చింది. తెలుగునాట రాజ్యం ప్రజలపై విధించిన క్రైస్తవ సంఘం ఎన్నడూ లేదు. అయినా అసమ్మతి, సహనం అన్న చర్చ ఇక్కడ రెండు శతాబ్దాలుగా సాగుతూనే ఉంది. విదేశాల నుంచి అసమ్మతివాదులుగా వచ్చిన మిషన్లు తమకు కేటాయించుకున్న ప్రాంతాల్లో తామే స్థిరపడిన సంఘాలుగా మారాయని, ఆ మార్పు నుంచే తెలుగు అసమ్మతి పుట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వలస వల్ల ఆ ఎల్లలు చెరిగిపోయిన నిజాంపేట వంటి ప్రాంతంలో ఈ ప్రశ్న ఏ రూపంలో మిగిలి ఉన్నదో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఆధారంగా వివరిస్తుంది.

కీలక పదాలు: అసమ్మతి, మత సహనం, మనస్సాక్షి, బ్రదరన్, బైబిల్ మిషన్, భక్తసింగ్, నంద్యాల, క్రైస్తవ వివాహ చట్టం, నిజాంపేట.

1. ఉపోద్ఘాతం:

కూకట్‌పల్లి, మియాపూర్‌లకు ఆనుకొని ఉన్న నిజాంపేట కొద్ది దశాబ్దాల కిందటి వరకు గ్రామం. ప్రగతినగర్, బాచుపల్లిలతో కలిసి 2019లో అది నగరపాలక సంస్థ అయింది. సైబరాబాద్ ఐటీ సంస్థల్లో ఉద్యోగాల కోసం కోస్తా, రాయలసీమ, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఒకే అపార్టుమెంటులో గుంటూరు నుంచి వచ్చిన లూథరన్ కుటుంబం, ఒంగోలు బాప్టిస్టు కుటుంబం, మెదక్ ప్రాంతపు సి.ఎస్.ఐ. కుటుంబం, నరసాపురం బ్రదరన్ కుటుంబం ఇరుగుపొరుగున ఉండటం ఇక్కడ వింత కాదు. వీరి తాతలు తమ తమ ఊళ్ళలో వేరే శాఖ గుడిని చూసి ఉండకపోవచ్చు. వీరికి ఆదివారం ఎటు వెళ్ళాలన్నది ఎంపికకు సంబంధించిన విషయం. ఆ ఎంపికలో ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర సంఘాలు కూడా ఉన్నాయి.

ఇక్కడ పరిశోధకునికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. అసమ్మతి అన్న మాటకు ఎదురుగా ఒక అధికారిక సమ్మతి ఉండాలి. రాజ్యం స్థాపించిన సంఘమే లేనప్పుడు ఎవరితో ఎవరికి అసమ్మతి? సహనం చూపవలసినది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ముందు ఆ మాటలు పుట్టిన చోటును, ఆపైన అవి తెలుగునేల మీద అడుగుపెట్టిన తీరును చూడాలి.

2. సహనం – అనుమతి, హక్కు:

1662 నాటి ఏకరూపతా చట్టం ఇంగ్లండులోని ప్రతి గురువూ ఒకే ప్రార్థనా గ్రంథాన్ని అంగీకరించాలని నిర్బంధించింది. ఆ కాలంలో సుమారు రెండు వేలమంది గురువులు పదవులు కోల్పోయారు. వీరూ, వీరికి ముందే విడిపోయిన బాప్టిస్టులూ, ఇండిపెండెంట్లూ, క్వేకర్లూ కలిసి 'డిసెంటర్లు' అయ్యారు. 1689 నాటి సహన చట్టం వీరికి ఊరట ఇచ్చింది. కాని అది శిక్షాచట్టాలను రద్దు చేయలేదు. కొన్ని షరతులు పాటించినవారిని వాటినుంచి మినహాయించింది. రాజుకు విధేయతా ప్రమాణం చేయాలి. ప్రార్థనా మందిరాన్ని నమోదు చేయించాలి. బోధకుడు అధికార సంఘపు సిద్ధాంతసూత్రాల్లో అధిక భాగానికి సంతకం చేయాలి. కాథలిక్కులకు, త్రిత్వాన్ని అంగీకరించనివారికి ఆ మినహాయింపు కూడా లేదు.

అంటే సహనం ఒక అనుమతి. ఇచ్చినవాడు తిరిగి తీసుకోగలడు. ఈ లోపాన్ని డిసెంటర్లలో కొందరు ముందుగానే గుర్తించారు. బాప్టిస్టు నాయకుడు థామస్ హెల్విస్ 1612 నాటి తన గ్రంథంలో ప్రజల ఆత్మల మీద రాజుకు అధికారం లేదని వాదించాడు. యూదులు, ముస్లింలు, మతభ్రష్టులని పేరుపడ్డవారు కూడా ఆ వాదం పరిధిలోకి వచ్చారు. ఆయన చెరసాలలో మరణించాడు. ఫ్రాన్సులో 1787 శాసనం ప్రొటెస్టెంట్లకు జనన, వివాహ, మరణాల నమోదుకు వీలు కల్పించింది. రెండేళ్ళ తరువాత జాతీయసభలో ప్రొటెస్టెంట్ బోధకుడు రబో సెంతెత్యెన్ తాను కోరుతున్నది సహనం కాదని, స్వేచ్ఛ అని ప్రకటించాడు.

ఈ చరిత్రలో వివాహం పదే పదే ప్రస్తావనకు రావటం గమనించదగినది. 1753 చట్టం ప్రకారం ఇంగ్లండులో క్వేకర్లు, యూదులు తప్ప అందరూ ఆంగ్లికన్ గుడిలోనే పెళ్ళి చేసుకోవాలి. తమ మందిరంలో పెళ్ళి చేసుకొనే వీలు డిసెంటర్లకు 1836 చట్టంతో వచ్చింది. విశ్వాసం మనస్సులో ఉన్నంతకాలం రాజ్యానికి పట్టింపు ఉండకపోవచ్చు. అది కుటుంబంగా, వారసత్వంగా, దస్తావేజుగా మారినప్పుడు రాజ్యం ముద్ర అవసరమవుతుంది. అసమ్మతివాది నిజమైన స్థితి అక్కడే తేలుతుంది.

3. కంపెనీ పాలన – లైసెన్సు కాలం:

తెలుగు ప్రాంతానికి వచ్చిన తొలి ప్రొటెస్టెంట్ మిషనరీల్లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ముఖ్యులు. 1805లో విశాఖపట్నం చేరిన వీరు లండన్ మిషనరీ సొసైటీకి చెందినవారు. 1795లో ఏర్పడిన ఆ సంస్థకు ప్రధాన బలం డిసెంటర్లదే. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో డెస్ గ్రాంజెస్ చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఈ విధంగా అచ్చులో తొలి తెలుగు సువార్తలు అధికార సంఘానికి వెలుపలివారి కృషి.

1806 వెల్లూరు తిరుగుబాటు తరువాత మతప్రచారం రాజ్యానికి ముప్పు అన్న భయం కంపెనీలో బలపడింది. 1813లో చార్టరు పునరుద్ధరణ సందర్భంగా పార్లమెంటుకు వందల సంఖ్యలో విజ్ఞాపనలు వెళ్ళాయి. ఫలితంగా వచ్చిన చట్టం రెండు పనులు ఒకేసారి చేసింది. మిషనరీలు లైసెన్సు పొంది రావటానికి వీలిచ్చింది. కలకత్తాకు ఒక బిషప్పును, ముగ్గురు ఆర్చిడీకన్లను నియమించి, వారి జీతాలను కంపెనీ ఆదాయం నుంచి చెల్లించేలా ఏర్పాటు చేసింది. డిసెంటరుకు దక్కినది అనుమతి. ఆంగ్లికన్ బిషప్పుకు దక్కినది జీతం. 1835లో మద్రాసుకు వేరుగా బిషప్పు వచ్చాడు. నిజాం రాజ్యంలో సైతం సికింద్రాబాదు కంటోన్మెంటులో సెయింట్ జాన్స్ గుడి 1813లోనే వెలసింది.

ఈ వ్యవస్థ ప్రధానంగా దొరలకు, తెల్ల సైనికులకు ఉద్దేశించినది. తెలుగు విశ్వాసులు దీని పరిధిలో లేరు. అందువల్ల దీనిని తెలుగువారి మీది రాజ్యమతం అనలేం. అయినా ఎవరి గురుపట్టం చట్టం దృష్టిలో పూర్తిగా చెల్లుతుంది, ఎవరిది ప్రత్యేక అనుమతితో చెల్లుతుంది అన్న అంతరాన్ని ఈ వ్యవస్థ నాటింది. భారత ఆంగ్లికన్ సంఘం 1930లో ఇంగ్లండు సంఘం నుంచి చట్టబద్ధంగా విడివడిన తరువాత కూడా ఆ అంతరం చెరిగిపోలేదు.

4. గోదావరి డెల్టాలో బ్రదరన్ – అసమ్మతివాదుల మధ్య అసమ్మతి:

ఎక్సెటర్‌లో దంతవైద్యుడైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ చర్చి మిషనరీ సొసైటీ ద్వారా విదేశాలకు వెళ్ళదలచాడు. గురుపట్టం లేనివాడు ప్రభురాత్రి భోజనం ఇవ్వరాదని ఆ సంస్థ తెలిపింది. విశ్వాసులు కూడినచోట రొట్టె విరవడానికి మానవ నియామకం అవసరమా అన్న ప్రశ్న ఆయనలో ఇటువంటి అనుభవాల నుంచే బలపడింది. జీతం, గురుపట్టం, శాఖా నామం లేని 'సహోదరుల' సమాజానికి ఆయన ఆలోచన ఒక మూలమైంది. దక్షిణ భారతంలోనూ ఆ కాలంలో ఇదే వివాదం నడుస్తున్నది. తిరునెల్వేలిలో పనిచేస్తున్న లూథరన్ మిషనరీ రేనియస్‌ను ఆంగ్లికన్ పద్ధతులతో వచ్చిన విభేదాల కారణంగా అదే సొసైటీ 1835లో తొలగించింది. గ్రోవ్స్ రేనియస్ పక్షాన నిలిచాడు.

1836 మార్చిలో గ్రోవ్స్ మరోసారి భారతదేశానికి బయలుదేరాడు. ఆయన ప్రేరణతో డెవన్‌లోని బార్న్‌స్టేపుల్‌కు చెందిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు కూడా వచ్చి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్‌కు ఇది ఆరంభం. ఓడ ఎక్కడానికి ముందు గ్రోవ్స్ తన సహచరుడు జాన్ నెల్సన్ డార్బీకి రాసిన లేఖ సహన చర్చలో ముఖ్యమైన పత్రం. సహోదరులు తాము దేనికి సాక్షులో దానివల్ల కాక, దేనిని ఖండిస్తారో దానివల్లనే పేరు పడుతున్నారని ఆయన అందులో హెచ్చరించాడు. ఎదుటివారికి ఎంత సిద్ధాంతజ్ఞానం ఉందన్నది కాదు, వారిలో క్రీస్తు జీవం ఉందా అన్నదే సహవాసానికి ఆధారం కావాలన్నది ఆయన వాదం. ఇతరుల్లోని మంచికి దూరం కావటం కంటే వారి లోపాలను ఓర్చుకోవటమే మేలని ఆయన భావించాడు.

డార్బీ ఈ మార్గాన్ని అంగీకరించలేదు. 1848 నాటికి బ్రదరన్ సమాజం రెండుగా చీలింది. తప్పుడు బోధను సహించిన సంఘంతో సహవాసం కూడదన్న పక్షం ఒకటి; ప్రతి సంఘమూ ప్రభువుకే జవాబుదారీ అన్న పక్షం మరొకటి. గోదావరి సంఘాలు రెండవ పక్షానికి చెందినవి. ఈ ఘటనలో ఒక సాధారణ సూత్రం ఉంది. అధికార సంఘం నుంచి సహనం కోరినవారు, తమలో తాము భేదించినప్పుడు అదే సహనాన్ని ఇవ్వగలరా అన్న పరీక్షను ఎదుర్కోక తప్పదు. తెలుగు సంఘాలు ఈ పరీక్షను తరువాతి శతాబ్దంలో ఎదుర్కొన్నాయి.

5. ఎల్లల ఒప్పందం – ఊరు, మిషన్:

1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఆంగ్లికన్ మిషన్‌ను ప్రారంభించారు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు చేరాడు. నెల్లూరు, ఒంగోలులలో అమెరికన్ బాప్టిస్టులు, ఉత్తర కోస్తాలో కెనడియన్ బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఈ మిషన్ల మధ్య ఎల్లల ఒప్పందాలు స్థిరపడ్డాయి. ఒక మిషన్ పనిచేసేచోట మరొకటి అడుగుపెట్టరాదన్నది వాటి సారాంశం. పోటీని, ధనవ్యయాన్ని తగ్గించడానికి అది మంచి ఏర్పాటే. కాని దాని ఫలితం మరొకటి. తెలుగు విశ్వాసి ఏ శాఖవాడో అతని నమ్మకం కాక, అతని తాలూకా నిర్ణయించింది. ఏలినవాని మతమే ఆ నేల మతమని 1555లో ఆగ్స్‌బర్గ్ సంధి జర్మనీలో నిర్ణయించింది. ఏ రాజూ శాసించకుండానే తెలుగునాట దాని ఛాయ ఏర్పడింది. తమ దేశాల్లో మైనారిటీగా ఉన్న శాఖలు, అధికార సంఘాన్ని ధిక్కరించిన శాఖలు కూడా ఇక్కడ తమ ఎల్లల్లో ఏకైక సంఘాలయ్యాయి. బడి, ఆసుపత్రి, ఉద్యోగం వాటి చేతిలోనే ఉండేవి.

ఇదే కాలంలో అట్టడుగున మరొక అసమ్మతి జరిగింది. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్యతో మొదలైన మాదిగల ఉద్యమంలో చేరినవారికి ఆదివారం పని చేయకపోవటం, చచ్చిన పశువుల మాంసం తినకపోవటం, విగ్రహారాధన మానటం అన్న మూడు నియమాలు ఉండేవి. 1878 జూలైలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘటన సుప్రసిద్ధం. ఆదివారం వెట్టికి రాననటం, జాతరలో డప్పు కొట్టననటం గ్రామవ్యవస్థ దృష్టిలో ధిక్కారం. వారికి వ్యతిరేకంగా నిలిచిన స్థాపిత వ్యవస్థ ఊరే. రాజ్యం వద్ద సంతకం పెట్టనన్న లండన్ బోధకునికీ, కరణం మునసబుల ముందు డప్పు దించిన మాదిగ విశ్వాసికీ మనస్సాక్షి ప్రశ్న ఒక్కటే. మూల్యం మాత్రం రెండవవాడు కూలి, నీరు, నివాసం రూపంలో చెల్లించాడు. తెలుగు క్రైస్తవ అసమ్మతి చరిత్రను కేవలం సిద్ధాంతభేదాల చరిత్రగా రాయటం అందుకే అసమగ్రం అవుతుంది.

6. తెలుగు సంఘాల్లో అసమ్మతి – దేవదాసు, భక్తసింగ్:

లూథరన్ సంఘంలో ఉపదేశకుడైన ముంగమూరి దేవదాసు 1938లో బైబిల్ మిషన్‌ను ఆరంభించారు. దేవుడు నేటికీ ప్రత్యక్షంగా మాట్లాడతాడు, స్వస్థపరుస్తాడు అన్న ఆయన బోధకు మాతృసంఘంలో చోటు దొరకలేదు. ఏ విదేశీ సంస్థతోనూ నిమిత్తం లేకుండా, తెలుగువాడు తెలుగులో స్థాపించిన సంఘం కావటం దాని ప్రత్యేకత. ఇప్పటికీ గుంటూరు సమీపంలో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట ఏటా జనవరిలో దాని మహాసభలు జరుగుతాయి. లూథర్ స్వయంగా రోము నుంచి విడిపోయినవాడు. ఆయన పేరుతో ఉన్న సంఘం తనలోంచి వచ్చిన అసమ్మతిని ఇముడ్చుకోలేకపోవటం చరిత్రలోని వైపరీత్యం.

పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో జన్మించిన భక్తసింగ్ 1929లో కెనడాలో క్రైస్తవ విశ్వాసానికి వచ్చారు. 1933లో దేశానికి తిరిగివచ్చి అన్ని శాఖల గుళ్ళలోనూ బోధించారు. 1941లో మద్రాసులో 'యెహోవా షమ్మా' పేరుతో వేరు సంఘం ఏర్పడింది. తరువాత హైదరాబాదులోని హెబ్రోను ఆయన కేంద్రమైంది. 2000 సెప్టెంబరులో ఆయన మరణించేనాటికి తెలుగు జిల్లాల్లో వందల సంఖ్యలో ఇటువంటి సంఘాలు ఉన్నాయి.

ఈ సంఘాలకూ పాత శాఖలకూ మధ్య ప్రధాన వివాదం బాప్తిస్మం. శిశువుగా పొందినవారు విశ్వసించిన తరువాత ముంపు బాప్తిస్మం తీసుకోవటం తమకు విధేయత అని ఒకరు. అది తొలి బాప్తిస్మాన్ని తిరస్కరించటమని, తమ మందను దొంగిలించటమని మరొకరు. 1529లో జర్మనీలోని స్పైయర్ సభ ఇదే కార్యానికి మరణశిక్ష విధించింది. తెలుగునాట ఆ శిక్ష సంఘ సభ్యత్వం నుంచి తొలగింపు స్థాయికి తగ్గింది. మిషన్ బడిలో ఉద్యోగం, సమాధుల స్థలంలో చోటు సంఘం అధీనంలో ఉన్నచోట అది చిన్న శిక్ష కాదు. సహనాన్ని పాత శాఖలు మాత్రమే నేర్వవలసి ఉందనటం కూడా న్యాయం కాదు. తమ బాప్తిస్మం లేనివారికి ప్రభువు బల్లలో పాలు ఇవ్వని స్వతంత్ర సంఘాలు గ్రోవ్స్ మార్గాన్ని విడిచి డార్బీ మార్గం పట్టినట్లే.

7. ఐక్యతలో అసమ్మతి – నంద్యాల:

1919 నాటి తరంగంబాడి ప్రకటనలో దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య ముఖ్యపాత్ర వహించారు. అక్కడ మొదలైన ఐక్యతా యత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ విశ్వాసులు ఒకే సంఘమయ్యారు. అప్పటికే గురువులుగా ఉన్న డిసెంటర్లకు మళ్ళీ బిషప్పు చేతులమీదుగా పట్టం ఇవ్వకుండానే వారిని యథాతథంగా అంగీకరించటం ఆ ఐక్యతలో సాహసోపేతమైన అంశం. ఇంగ్లండులో 1662లో మూసుకున్న తలుపు తెలుగు, తమిళ నేలల్లో తెరుచుకున్నది. ఎవరి మనస్సాక్షికీ విరుద్ధమైన గురువును, పద్ధతిని ఏ స్థానిక సంఘం మీదా రుద్దబోమన్న హామీ ఆ పథకంలో భాగం.

అయినా దోర్నకల్ బిషప్పు పరిధిలోని నంద్యాల ప్రాంతంలో వేలమంది ఆంగ్లికన్ విశ్వాసులు ఈ ఐక్యతలో చేరలేదు. బిషప్పు పట్టం లేని గురువుల సేవను వారు అంగీకరించలేకపోయారని ఒక కారణం చెబుతారు. వారికి నిధులిచ్చిన ఇంగ్లండు సొసైటీ వైఖరి, స్థానిక నాయకత్వపు ఆకాంక్షలు మరికొన్ని కారణాలు. ఇక్కడ పాత్రలు తారుమారయ్యాయి. అధికార సంఘపు వారసులు అసమ్మతివాదులయ్యారు; పూర్వపు డిసెంటర్లతో కూడిన సంఘం మెజారిటీ అయింది. 1963లో నంద్యాల వేరు డయోసిస్ అయింది. 1970లలో గాని సి.ఎస్.ఐ.లో చేరలేదు. మనస్సాక్షికి హామీ పత్రంలో ఉన్నా, ఆ హామీ అమలుకు ఒక తరం కాలం పట్టిందన్నది నంద్యాల నేర్పిన పాఠం.

8. చట్టంలో మిగిలిన అంతరం:

డిసెంటింగ్ మిషనరీలు జరిపిన పెళ్ళిళ్ళ చెల్లుబాటు మీద ఉన్న సందేహాలను తీర్చడానికి 1851లో బ్రిటిష్ పార్లమెంటు, 1852లో భారత ప్రభుత్వం చట్టాలు చేశాయి. వాటి తరువాత వచ్చిన 1872 నాటి 15వ చట్టం, భారత క్రైస్తవ వివాహ చట్టం, తెలంగాణలో ఇప్పటికీ అమలులో ఉంది. దాని 5వ సెక్షన్ పెళ్ళి జరిపించగలవారిని వరుసగా పేర్కొంటుంది: బిషప్పు చేత పట్టం పొందినవారు, స్కాట్లండు సంఘపు గురువులు, ప్రభుత్వ లైసెన్సు పొందిన మతబోధకులు, వివాహ రిజిస్ట్రారు, భారతీయ క్రైస్తవుల వివాహాలకు సర్టిఫికెట్ ఇచ్చే లైసెన్సు ఉన్నవారు.

ఈ వరుసలో మొదటి రెండు వర్గాలకు లైసెన్సు అక్కరలేదు. ఆ రెండూ బ్రిటన్‌లోని రెండు అధికార సంఘాల నమూనా మీద ఏర్పడినవి. మిగిలిన బోధకులకు 6వ సెక్షన్ కింద ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. దానిని రద్దు చేసే అధికారం కూడా దానికే ఉంది. లైసెన్సు పొందిన బోధకుడు పెళ్ళి జరపాలంటే వధూవరుల్లో ఒకరు ముందుగా లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. చట్టం సూచించిన విధంగా కాక మరోవిధంగా జరిగిన పెళ్ళి 4వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అధికారం లేనివాడు పెళ్ళి జరిపితే 68వ సెక్షన్ కింద పదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. 1689లో ఇంగ్లండు రాజ్యం డిసెంటరుకు ఇచ్చినది కూడా ఇటువంటి షరతులతో కూడిన మినహాయింపే.

దళిత క్రైస్తవుల విషయంలో ఈ ముడి మరింత బిగుసుకుంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవంలోకి మారినవారికి షెడ్యూల్డ్ కుల హోదా నిరాకరించింది. అందువల్ల గుడి రిజిస్టరులో పేరు రాయించుకోవటం వారికి విశ్వాస ప్రకటన మాత్రమే కాదు, పిల్లల చదువు, ఉద్యోగాలతో ముడిపడిన నిర్ణయం కూడా.

9. నిజాంపేట – ఎల్లలు చెరిగిన చోట:

నిజాంపేట వంటి ప్రాంతాల ప్రాముఖ్యం ఇక్కడ స్పష్టమవుతుంది. ఎల్లల ఒప్పందం ఊరిమీద ఆధారపడింది. వలస ఊరిని వదిలింది. విశ్వాసి ఏ జిల్లా నుంచి వచ్చాడన్నది ఇక్కడ అతని సంఘాన్ని నిర్ణయించదు. మిషన్ ఎల్లలు నిలబెట్టిన ఏకైక సంఘం స్థానంలో ఎంపిక వచ్చింది. ఈ ఎంపిక నిజమైన స్వేచ్ఛ. అయితే అది కొత్త బాధ్యతలను తెచ్చింది.

మొదటిది చట్టానికి సంబంధించినది. స్వతంత్ర సంఘంలో ఆరాధించే యువజంట తమ పాస్టరు చేత పెళ్ళి జరిపించుకోదలచినప్పుడు, ఆయనకు ఏ సెక్షన్ కింద లైసెన్సు ఉందో తెలుసుకోవాలి. వీసాకు, బ్యాంకు రుణానికి, వారసత్వానికి సర్టిఫికెట్ కావలసినప్పుడు ఈ ప్రశ్న బయటపడితే ఆలస్యమే. లైసెన్సు లేనిచోట రిజిస్ట్రారు సమక్షంలో గాని, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద గాని పెళ్ళి చేసుకొని, ఆరాధన తమ సంఘంలో జరుపుకోవచ్చు. ఇది విశ్వాసానికి లోటు కాదు. పౌరకార్యాన్ని, ఆరాధనను వేరుగా చూడాలన్న డిసెంటర్ల పాత వాదానికి అది సరిపోతుంది కూడా.

రెండవది సంఘాల మధ్య సంబంధానికి చెందినది. ఒకే మెట్లమీద ఎక్కిదిగే నాలుగు శాఖలవారు ఒకరి బాప్తిస్మాన్ని మరొకరు ఎలా చూడాలి? అంత్యక్రియలకు, పెళ్ళికి ఎవరిని పిలవాలి? గ్రోవ్స్ 1836లో అడిగిన ప్రశ్న ఇక్కడ ప్రతి వారం ఏదో రూపంలో ఎదురవుతుంది.

మూడవది చుట్టూ ఉన్న సమాజానికి సంబంధించినది. ఇతర మతాలవారి ఇరుగుపొరుగు తమను ఓర్చుకోవాలని ఆశించే సంఘం, శబ్దం, రద్దీ, స్థలం విషయాల్లో వారికి అదే మర్యాద ఇవ్వాలి.

ఈ మూడింటికీ రాజ్యాంగపు 25వ అధికరణం వెలుగు చూపుతుంది. మనస్సాక్షి స్వేచ్ఛ అక్కడ ఎవరో దయచేసిన అనుమతి కాదు, హక్కు. 1986లో సుప్రీంకోర్టు బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, జాతీయగీతం ఆలపించక గౌరవంగా నిలబడిన యెహోవాసాక్షుల పిల్లలను బడినుంచి తొలగించటం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి తెలుగువాడైన ఓ. చిన్నప్పరెడ్డి. ఒక విశ్వాసం మన బుద్ధికి, మనోభావానికి నచ్చుతుందా అన్నది ప్రశ్న కాదని, అది చిత్తశుద్ధితో పాటిస్తున్న విశ్వాసమా అన్నదే చూడాలని ఆ తీర్పు స్పష్టం చేసింది. యెహోవాసాక్షుల బోధను ఇక్కడ పేర్కొన్న సంఘాల్లో ఏదీ అంగీకరించదు. అందుకే ఆ తీర్పు ఈ చర్చకు గీటురాయి అవుతుంది.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. తెలుగునాట రాజ్యం విధించిన క్రైస్తవ సంఘం లేకపోయినా, కంపెనీ జీతాల వ్యవస్థ, మిషన్ల ఎల్లల ఒప్పందం, గ్రామవ్యవస్థ మూడూ స్థాపిత అధికారాలుగా పనిచేశాయి. అసమ్మతి వాటికి ఎదురుగానే రూపుదిద్దుకున్నది.

2. అసమ్మతివాదులుగా వచ్చిన మిషన్లు తమ ఎల్లల్లో స్థిరపడిన సంఘాలయ్యాయి. దేవదాసు, భక్తసింగ్ ఉద్యమాలు ఆ స్థిరత్వానికి తెలుగు విశ్వాసుల సమాధానం.

3. సంఘాల ఐక్యత కూడా అసమ్మతిని తొలగించలేదు. మనస్సాక్షికి హామీ ఇచ్చే ఐక్యత మాత్రమే దానిని కాలక్రమంలో ఇముడ్చుకోగలదని నంద్యాల నిరూపించింది.

4. 1872 వివాహ చట్టం గురుపట్టాల మధ్య పాటించే అంతరం వలసపాలన నాటి సహన భావనకు అవశేషం. దానిని రాజ్యాంగపు సమానత్వ దృష్టితో పునఃపరిశీలించవలసి ఉంది.

5. వలస ప్రాంతాల్లో సంఘం ఎంపిక అయింది. ఎంపిక ఉన్నచోట సహనం ఒకరు మరొకరికి ఇచ్చే మినహాయింపుగా మిగలరాదు. తనకు కావలసిన స్వేచ్ఛను తనతో విభేదించినవారికి కూడా గుర్తించినప్పుడే అసమ్మతివాది వాదం సంపూర్ణమవుతుంది.